మూడు మీటలు, ఒక ఖాళీ మీట

మిత్రులారా, బ్రిటిష్ టెలివిజన్ అనగానే నటుల పేర్లూ, హాస్య సన్నివేశాలూ తలచుకోవడం మామూలే. ఈ పూట వాటి జోలికి పెద్దగా పోను. ఒక కార్యక్రమం అయిపోయి ఇంకోటి మొదలయ్యే సందు ఉంటుంది చూశారా, ఆ కొద్ది సెకన్ల గురించి మాట్లాడతాను. 1970ల చివర్లో సాయంత్రాలను కూర్చినవాళ్ల పనితనం అంతా అక్కడే కనిపిస్తుంది.

1979 ఫిబ్రవరిలో ఒక సోమవారం, లండన్‌లో ఒక ఇల్లు అనుకుందాం. రంగుల సెట్టు బహుశా అద్దెది. ఖరీదు ఎక్కువ కాబట్టి నెలనెలా డబ్బు కట్టి తెచ్చుకునేవారు, చెడిపోతే అద్దెకిచ్చినవాళ్లే మెకానిక్‌ను పంపేవారు. ఏడాదికి లైసెన్సు రుసుము రంగుల సెట్టుకు 25 పౌండ్లు, నలుపు తెలుపుకు 10. ముందు వరసలో మీటలుంటాయి, ఒక్కోదాన్నీ ఒక్కో ఛానల్‌కు ట్యూన్ చేసి పెట్టుకోవాలి. క్రిస్టల్ ప్యాలెస్ ప్రసార టవర్ నుంచి, ప్రకటనలతో నడిచే ప్రాంతీయ కంపెనీల నెట్‌వర్క్ ఐటీవీ ఛానల్ నంబరు 23లో, బీబీసీ 1 26లో, బీబీసీ 2 33లో వచ్చేవి. నాలుగో సర్వీసు కోసం 30ని అట్టే పెట్టారు. 1982 నవంబరు 2 దాకా ఆ మీట నొక్కితే గీతలూ చుక్కలూ తప్ప ఏమీ లేదు.

ఈ నంబర్లన్నీ 21కీ 34కీ మధ్యలోవి, కాబట్టి కప్పు మీద ‘ఎ గ్రూపు’ ఆంటెనా ఉండాలి. దాని గొట్టం చివర ఎర్ర ప్లాస్టిక్ మూత ఉంటుంది. ఇల్లు మారుతూ ఆకుపచ్చ మూతదాన్ని వెంట తెచ్చి ఇక్కడ బిగిస్తే బొమ్మ మీద ఇసుక చల్లినట్టే. అది పై నంబర్ల ఛానళ్లకు కొలిచి కత్తిరించిన ఆంటెనా మరి. ఇంకో పొరపాటు కూడా జరిగేది. పెద్ద టవర్ల తరంగాలు అడ్డంగా, వాటి ప్రసారాన్ని అందుకుని తిరిగి పంపే చిన్న రిలే స్టేషన్లవి నిలువుగా వచ్చేవి. కొండ చాటున ఉన్నవాళ్లు ఆంటెనాను రిలే వైపు తిప్పుకుని, కడ్డీలను నిలువుగా మార్చడం మరిచిపోయేవారు. ఇక గాలి కదలని, వాతావరణ పీడనం ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆంటెనా ఎంత బాగున్నా లాభం లేదు. సముద్రం అవతలి దేశాల ప్రసారాలు వచ్చి బొమ్మ మీద అడ్డగీతలు గీసేవి.

మధ్యలో మనవాళ్లకు పనికొచ్చే మాట ఒకటి. అక్కడి సెట్టును మోజుపడి అప్పట్లో హైదరాబాద్ తెచ్చుకుంటే బొమ్మ వచ్చేది కాదు. బొమ్మను కూర్చే గీతలు ఇక్కడా 625 గీతలే, కానీ 1977 అక్టోబరు 23న మొదలైన హైదరాబాద్ దూరదర్శన్ వీహెచ్ఎఫ్ అనే తక్కువ ఫ్రీక్వెన్సీల్లో ప్రసారం చేసేది. ఆ బ్రిటిష్ సెట్లకు అంతకంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీల యూహెచ్ఎఫ్ ట్యూనరే ఉండేది. ట్యూనర్ మార్పించినా మాట వినపడేది కాదు. బొమ్మకూ ధ్వనికీ మధ్య దూరం అక్కడ 6 మెగాహెర్ట్జ్, ఇక్కడ 5.5.

సరే, సాయంత్రంలోకి వద్దాం. 5:40కి బీబీసీ 1లో వార్తలు, 5:45కి ఐటీవీలో వార్తలు. 5:55కి బీబీసీ 1లో ప్రాంతాల విశేషాల కార్యక్రమం ‘నేషన్‌వైడ్’. ఇందులో లండన్ పగ్గాలను ప్రాంతీయ స్టూడియోలకు వదిలి, చెప్పిన సెకనుకు మళ్లీ అందుకోవాలి. ఒక ఊరు అయిదు సెకన్లు తొందరపడితే దేశమంతా మాట్లాడని మనిషి మొహాన్ని చూస్తూ కూర్చుంటుంది. 7:30కి ఐటీవీలో సీరియల్ ‘కొరొనేషన్ స్ట్రీట్’. 8:10కి బీబీసీ 1లో వర్తమాన వ్యవహారాల కార్యక్రమం ‘పనోరమా’. ఎనిమిది కాదు, ఎనిమిదీ పది. అవతల ఎనిమిదింటికి సీరియల్ చూడటం ముగించినవాడు ఇటు మీట నొక్కాలంటే కుర్చీలోంచి లేవాలి, లేచినా పది నిమిషాలు ఆగాలి. రిమోట్ ఉన్న ఇళ్లు తక్కువ, రికార్డు చేసే యంత్రం ఉన్న ఇళ్లు మరీ తక్కువ. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండటమే ఐటీవీకి లాభం.

తొమ్మిది గంటలు అసలైన కూడలి. పిల్లలు చూడదగనివి దాని తర్వాతే వేయాలన్నది కట్టుబాటు. బీబీసీ 1లో వార్తలు, సరిగ్గా అదే నిమిషానికి బీబీసీ 2లో, ఆ ఫిబ్రవరి 19 నుంచి, హాస్య ధారావాహిక ‘ఫాల్టీ టవర్స్’ రెండో విడత. రెండు బీబీసీలూ ఒకే గడియారానికి తలుపులు తెరిచి, వార్తలు వద్దన్నవాణ్ణి పక్క గదిలోకి పంపేవి, పోటీ ఇంటికి పోనిచ్చేవి కావు. ఐటీవీ వార్తలు పదింటికి. ‘ఫాల్టీ టవర్స్’ విడత ఆరు భాగాల్లో చివరిది సమ్మె మూలంగా అక్టోబరు 25 దాకా ఆగింది. ఐటీవీకి ఆ ఏడాది ఇంకా పెద్ద దెబ్బే తగిలింది. ఆగస్టు 10 నుంచి అక్టోబరు 24 దాకా తెర మీద క్షమాపణ రాసిన అట్ట ఒక్కటే. ఛానల్ దీవుల చిన్న కంపెనీ ఒక్కటే ఎలాగో నెట్టుకొచ్చింది.

ఇప్పుడు ఆ సందులోకి తొంగి చూద్దాం. కార్యక్రమం రెండంగుళాల వెడల్పున్న టేపు మీద ఉంటుంది. యంత్రం తిరగడం మొదలెట్టిన వెంటనే బొమ్మ నిలవదు, వేగం కుదురుకోవాలి. అందుకని పది సెకన్ల ముందే తిప్పేవారు. టేపు మొదట్లో ఒక గడియారం బొమ్మ వెనక్కి లెక్కపెడుతుంది, మూడు సెకన్లుండగా తెర నల్లబడుతుంది. వ్యాఖ్యాత ఆ పదిలో మాట ముగించాలి. పొడిగించాడా, కార్యక్రమం సంగీతం అతని గొంతు మీదికి ఎక్కుతుంది. తొందరగా ఆపాడా, కార్యక్రమాల మధ్య చూపించే బీబీసీ గుర్తు, భూగోళం, నోరు మెదపకుండా తిరుగుతూ ఉంటుంది. ఆ భూగోళం నిజంగానే తిరిగే బొమ్మ, దాన్ని నలుపు తెలుపు కెమెరా చూసేది, రంగు తర్వాత కలిపేవారు. టేపు ఖరీదు కాబట్టి పాతవి చెరిపి మళ్లీ వాడుకునేవారు, బీబీసీలో ఆ అలవాటు 1978లో గానీ ఆగలేదు.

ఐటీవీలో చిక్కు వేరు. దేశమంతా ఒకే కార్యక్రమం, ప్రకటనలు మాత్రం ఏ ప్రాంతపు కంపెనీవి ఆ కంపెనీవే. సగటున గంటకు ఆరు నిమిషాలు, ఏ గంటలోనూ ఏడుకు మించకూడదు. అందరూ ఒకే క్షణాన విడిపోవాలంటే సైగ కావాలి. తెర కుడి పైమూల చారలు కదిలే చిన్న చతురస్రం, విరామానికి నిమిషం ముందు వచ్చి, అయిదు సెకన్లుండగా మాయమయ్యేది. తెలిసిన ప్రేక్షకుడికి అది టీ నీళ్లకు కరెంటు కెటిల్ పెట్టుకోమన్న గంట.

కెటిల్ అన్నానా, విద్యుత్ బోర్డుకు అది నవ్వులాట కాదు. 3 కిలోవాట్ల కెటిళ్లు లక్ష ఒకేసారి వెలిగితే 300 మెగావాట్లు. గ్రిడ్ గదిలో ఇంజనీర్లు టీవీ పట్టికలు ముందు పెట్టుకుని కూర్చునేవారు. ఆ పట్టికలూ రెండు పత్రికల్లో ఉండేవి. బీబీసీవి ‘రేడియో టైమ్స్’లో, ఐటీవీవి ‘టీవీ టైమ్స్’లో. సందు సమయం దగ్గర పడగానే వేల్స్‌లోని ఫెస్టినియోగ్‌లో నీళ్లు కిందికి వదిలేవారు. రాత్రిపూట చౌక కరెంటుతో పైకి తోడిన నీళ్లవి. ఆ కేంద్రం సామర్థ్యం 360 మెగావాట్లు. నాగార్జునసాగర్‌లో వెనక్కీ ముందుకీ తిరిగే టర్బైన్లను ఎరిగినవారికి విడమరచి చెప్పక్కర్లేదు.

ఎందరు చూశారన్నది మాత్రం ఎవరి లెక్క వారిదే. 1977 క్రిస్మస్ రాత్రి హాస్య జంట మోర్కమ్, వైజ్‌ల కార్యక్రమానికి 2.8 కోట్ల మంది అన్న బీబీసీ లెక్క మనుషుల్ని ‘నిన్న ఏం చూశారు’ అని అడిగి తీసినది. సెట్లకు మీటర్లు తగిలించిన లెక్కలో అది 2.13 కోట్లే. ఈ రెండూ ఒకే వస్తువును కొలవలేదు, కాబట్టి ఒకదానితో ఇంకోదాన్ని అబద్ధం అనడం తగదు.

అర్ధరాత్రి ప్రాంతంలో బీబీసీ 1 గడియారం చూపించి, రాణిని కీర్తించే జాతీయ గీతం వినిపించి, సెట్టు ఆపమని గుర్తుచేసి వెళ్లిపోయేది. ఆపడమంటే మీట నొక్కడం ఒక్కటే కాదు, ప్లగ్గు పీకడం. రంగుల సెట్టులో పిక్చర్ ట్యూబుకు 25,000 వోల్టుల దాకా వెళుతుంది, లోపల దుమ్ము పేరుకుని ఉంటుంది, నిప్పు అంటుకున్న సందర్భాలున్నాయి. కుర్చీలోనే కునుకు తీసినవాడికి ఆ హెచ్చరిక ఏం వినపడుతుంది? అందుకే నల్లబడిన తెర వెనక నుంచి చెవులు చిల్లులు పడే కూత ఒకటి వదిలేవారు.