సబ్లైమ్ టెక్స్ట్ ప్యాకేజీలు ఓపెన్ సోర్స్, ఎడిటర్ మాత్రం కాదు! మనకేం ఒరిగింది?

నమస్కారమండీ. ఈరోజు కోడ్ రాసుకునే ఎడిటర్ సబ్లైమ్ టెక్స్ట్ గురించి మాట్లాడుకుందాం. స్పీడు, థీములు, షార్ట్‌కట్ల జోలికి వెళ్ళను, వాటి మీద వీడియోలు బోలెడున్నాయి. నేను చూపించబోయేది ఎడిటర్‌తో పాటే వచ్చే ప్యాకేజీలు. పైథానో, జావానో ఫైల్ తెరవగానే కోడ్‌కి రంగులు పడతాయి కదా, ఆ రంగులు ఎక్కడ ఏది పడాలో చెప్పే సింటాక్స్ ఫైళ్ళన్నమాట. ఎడిటర్ సోర్స్ కోడ్ ఈరోజుకీ కంపెనీ చేతిలోనే ఉంది. ఈ ప్యాకేజీలను మాత్రం 3వ వెర్షన్ ఇంకా బీటాలో, అంటే పరీక్ష దశలో ఉన్నప్పుడే, ఎవరైనా కోడ్ చూసి మార్పులు పంపగలిగే గిట్‌హబ్ సైట్‌లో పెట్టేశారు. మన మేలు కోరి చేశారా, తమ పని తగ్గించుకోవడానికి చేశారా అంటే, నా లెక్కలో రెండూ.

స్క్రీన్ చూడండి. ఇది సబ్లైమ్ ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్. లోపల ప్యాకేజెస్ అని ఉంది. ఇందులో పైథాన్ ప్యాకేజీని కాపీ తీసుకుని, ఎక్స్‌టెన్షన్‌ని జిప్ అని మారుస్తున్నా. చూశారా, తెరుచుకుంది. లోపలున్నది మామూలు టెక్స్టే, నోట్‌ప్యాడ్‌లో కూడా చదువుకోవచ్చు. అంటే వీటిలో దాపరికం ఎప్పుడూ లేదు. మరి ఓపెన్ సోర్స్ చేశాక కొత్తగా వచ్చిందేమిటి?

అంతకుముందు తప్పు కనిపిస్తే మీ కంప్యూటర్‌లో మీరు దిద్దుకునేవారు, అక్కడితో సరి. పక్క సీట్లో కూర్చున్నాయనకి అదే తప్పు అలాగే ఉండేది. కంపెనీకి చెప్పి ఎదురుచూడాలి. ఇది 2008లో ఆస్ట్రేలియాలో జాన్ స్కిన్నర్ ఒక్కరే మొదలుపెట్టిన ఎడిటర్, తర్వాత కూడా చిన్న కంపెనీయే. ఎర్లాంగ్, హాస్కెల్, లాటెక్, ఆర్... ఇన్ని భాషల్లో ఏ ఏడాది ఏం మారిందో గుప్పెడు మంది కూర్చుని చూసుకోవడం అయ్యే పనేనా? 2016 డిసెంబర్‌లో పైథాన్ 3.6తో ఎఫ్-స్ట్రింగ్స్ వచ్చాయి. కోట్స్ మధ్యలో అసలైన కోడ్ రాసుకునే వెసులుబాటు అది. సింటాక్స్ ఫైల్ పాతదైతే ఆ కోడంతా ఒకే రంగులో ఉత్త స్ట్రింగ్‌లా కనిపిస్తుంది. ఆ నొప్పి రోజూ పైథాన్ రాసేవాళ్ళకి తెలిసినంతగా సిడ్నీలో ఎడిటర్ రాసేవాళ్ళకి తెలియదు. ఇప్పుడు ఆ తెలిసినవాళ్ళే దిద్ది పంపితే అందరికీ చేరుతుంది.

ఈ ప్యాకేజీల లైసెన్స్ గురించి రెండు ముక్కలు. కాపీ చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఏదైనా ఫైల్‌కి వేరే లైసెన్స్ రాసి ఉంటే దానికి అదే వర్తిస్తుంది. మ్యాక్ మీద 2004లో వచ్చిన టెక్స్ట్‌మేట్ ఎడిటర్ బండిల్స్‌లో (అక్కడ ప్యాకేజీల్ని అలా అంటారు) ఉన్న పద్ధతే ఇది. టెక్స్ట్‌మేట్ కూడా డబ్బులకి అమ్మిన ఎడిటరే, బండిల్స్ బయటివాళ్ళు రాసిపెట్టారు. చివరికి 2012లో ఎడిటర్ కోడ్ కూడా జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద ఇచ్చేశారు. సబ్లైమ్ అంత దూరం రాలేదు.

ఇక నాకు బాగా నచ్చింది టెస్టులు, అంటే రంగులు సరిగ్గా పడుతున్నాయో లేదో చూసే ఫైళ్ళు. పైథాన్ టెస్ట్ ఫైల్ తెరిచా. మొదటి లైన్‌లో కామెంట్‌లాగా ఏ సింటాక్స్‌ని పరీక్షిస్తున్నామో ఉంటుంది. కింద మామూలు కోడ్, ఇదిగో డెఫ్ అని. దాని కింది లైన్‌లో కామెంట్ పెట్టి, సరిగ్గా డెఫ్ మూడక్షరాల కింద మూడు గుర్తులు, కీబోర్డ్‌లో 6 మీద ఉంటుంది చూడండి, ఆ గుర్తు. పక్కన ఆ మూడక్షరాలకి ఏ స్కోప్ (కోడ్‌లో అది ఏ రకం ముక్కో చెప్పే ముద్ర) రావాలో పేరు. కంట్రోల్ బి కొట్టా, పాసైంది. ఇప్పుడు కావాలనే ఒక గుర్తుని పక్కకి జరుపుతా, మళ్ళీ కంట్రోల్ బి. ఏ లైన్, ఏ కాలమ్‌లో తేడా వచ్చిందో చెప్పేసింది. ఎర్లాంగ్ ఒక్క ముక్క రాని మనిషి కూడా ఇంకొకరు పంపిన ఎర్లాంగ్ మార్పుని కాస్త ధైర్యంగా తీసుకోగలిగేది ఈ టెస్టుల వల్లే. ఇవి లేకుండా ఊరికే గిట్‌హబ్‌లో పడేసి ఉంటే ఒకరు దిద్దింది ఇంకొకరు చెడగొట్టేవారు.

అయితే అసలు చిక్కు ఇక్కడుంది. జావాస్క్రిప్ట్‌లో బ్రాకెట్ తెరిచి ఏ, కామా, బి అని రాశాను. ఇవి ఫంక్షన్ పారామీటర్లా (ఫంక్షన్ తీసుకునే విలువల పేర్లా), మామూలు వేరియబుల్సా? చెప్పలేం. బ్రాకెట్ మూసాక బాణం గుర్తు వస్తేనే అది యారో (బాణం) ఫంక్షన్ అని తెలుస్తుంది. ఈ ఫైళ్ళని చదివి రంగులు వేసే ఎడిటర్ లోపలి ఇంజిన్ అప్పట్లో ఒక్కో లైన్ చదువుకుంటూ ముందుకే పోయేది. బాణం అదే లైన్‌లో ఉంటే ముందుకి తొంగిచూసి నెట్టుకొచ్చేవారు. పారామీటర్లు రెండు మూడు లైన్లలోకి జారాయా, రంగులు తారుమారు. దీన్ని బయటివాళ్ళు బాగుచేయలేకపోయారు, ఎందుకంటే లోపం ఫైల్‌లో లేదు, తాళం వేసిన ఇంజిన్‌లో ఉండేది. 2021లో 4వ వెర్షన్‌తో బ్రాంచ్ పాయింట్ అనే ఫీచర్ వచ్చింది. ఒక దారి పట్టి వెళ్ళి, కాదని తేలితే వెనక్కి వచ్చి రెండో దారి చూస్తుంది. అప్పటికిగానీ ఇది తెమల్లేదు.

ఇంకో తమాషా. టెర్మినల్‌లో బ్యాట్ వాడేవాళ్ళు చేయెత్తండి. ఫైల్‌లో ఉన్నది చూపించే క్యాట్ కమాండ్‌లాంటిదే, కాకపోతే రంగులతో చూపిస్తుంది. ఆ రంగుల్లో చాలావరకు ఈ సబ్లైమ్ ప్యాకేజీల నుంచి తీసుకున్నవే, రస్ట్ భాషలో రాసిన సింటెక్ట్ అనే లైబ్రరీ ద్వారా. ఎడిటర్ కొనని వాళ్ళకి కూడా ఫలం అందింది. కానీ 4వ వెర్షన్ కొత్త ఫీచర్లు వచ్చినప్పుడు సింటెక్ట్ వాటిని వెంటనే అందుకోలేకపోయింది. ఫైళ్ళు అందరివే అయినా, వాటిని ఏ భాషలో రాయాలో నిర్ణయించేది ఆ ఒక్క కంపెనీయే.

నాకు నచ్చనిది కూడా చెప్తా. మీరు కష్టపడి ఒక తప్పు దిద్ది పంపారు, తీసుకున్నారు. అది ముందుగా వచ్చేది డెవ్ బిల్డ్‌లో, అంటే ఇంకా పరీక్షలో ఉన్న వెర్షన్‌లో, దానికి లైసెన్స్ కొని ఉండాలి. కొనకపోతే అందరికీ ఇచ్చే స్టేబుల్ వెర్షన్ వచ్చేదాకా ఆగాలి. ఫ్రీగా పని చేసిపెట్టినవాళ్ళకి ఇదేం మర్యాద అండీ? మీ యూజర్ డేటాలోని ప్యాకేజెస్ ఫోల్డర్‌లో ఆ ప్యాకేజీ పేరుతోనే ఫోల్డర్ చేసి, అందులో అదే పేరుతో ఫైల్ పెట్టుకుంటే మీ వరకు పనైపోతుంది, అది వేరే సంగతి.

మైక్రోసాఫ్ట్ ఎడిటర్ వీఎస్ కోడ్ కదా మంచిది అంటారేమో. అక్కడ వరుస తిరగేసి ఉంటుంది. ఎడిటర్ కోడ్ ఎంఐటీ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద ఇస్తారు, పైథాన్ కోసం అందరూ జోడించుకునే పైలాన్స్ మాత్రం క్లోజ్డ్. రెండిట్లో ఏది నయమంటే, నాకు సబ్లైమ్ పద్ధతే సూటిగా అనిపిస్తుంది. అమ్మేది అమ్ముతున్నాం, ఇచ్చేది ఇస్తున్నాం అని చెప్పేశారు.

సబ్లైమ్ లైసెన్స్ 99 డాలర్లు, మూడేళ్ళ అప్‌డేట్లు. రూపాయల్లో 8 వేల పైనే. ట్రయల్‌కి గడువు లేదు, సేవ్ చేసేటప్పుడు అప్పుడప్పుడూ కొనమని అడుగుతుంది, అంతే. ప్యాకేజీల కోసమే అయితే కొనక్కర్లేదు. కాలేజీలో ఉండి మొదటి పీఆర్ (పుల్ రిక్వెస్ట్, అంటే గిట్‌హబ్‌లో పంపే మార్పు) పంపాలనుకునేవాళ్ళు మాత్రం ప్రాజెక్ట్ పరిచయం ఉండే రీడ్‌మీ ఫైల్‌లో కామా మార్చి పంపకండి. మీకు బాగా వచ్చిన భాష తీసుకోండి, రంగు తప్పు పడే ఒక్క లైన్ వెతకండి, దానికి ఫెయిలయ్యే టెస్ట్ రాయండి. తర్వాత దాన్ని పాస్ చేయించే పనిలో పడండి.