జాంగో టెంప్లేట్ ఎర్రర్లు: కనిపించేవి, కనిపించనివి

అందరికీ నమస్కారం. వెబ్‌సైట్లు కట్టే పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో, టెంప్లేట్‌లలో (పేజీ ఎలా కనిపించాలో చెప్పే ఫైళ్లలో) చేసే కొన్ని తప్పులకు పసుపు రంగు ఎర్రర్ పేజీ వస్తుంది. కొన్నిటికి పేజీ మామూలుగానే తెరుచుకుంటుంది, కానీ పేరు ఉండాల్సిన చోట ఖాళీ ఉంటుంది. వాడేవాళ్ల దాకా వెళ్లేవి ఈ రెండో రకమే. అందుకని మొదటి రకాన్ని త్వరగా చూసేద్దాం.

'టెంప్లేట్ డజ్ నాట్ ఎగ్జిస్ట్' అని వస్తే వెంటనే సెట్టింగ్స్‌లో చెయ్యి పెట్టకండి. అదే పేజీలో కిందికి వెళ్లి 'టెంప్లేట్ లోడర్ పోస్ట్‌మార్టం' చదవండి. జాంగో ఎక్కడెక్కడ వెతికిందో అందులో వరుసగా ఉంటుంది. మీ యాప్ ఫోల్డర్ ఆ వరుసలోనే లేదంటే యాప్‌ను 'ఇన్‌స్టాల్డ్ యాప్స్'లో చేర్చలేదన్నమాట, లేదా సెట్టింగ్స్‌లో 'యాప్ డిర్స్' ట్రూగా లేదు. ఫోల్డర్ ఉండీ ఫైలు దొరకలేదంటే పేరు అక్షరం అక్షరం సరిచూడండి. పెద్దక్షరం, చిన్నక్షరం తేడాను విండోస్ పట్టించుకోదు, లినక్స్ సర్వర్ పట్టించుకుంటుంది.

'ఇన్వాలిడ్ బ్లాక్ ట్యాగ్' అంటే చాలాసార్లు లోడ్ లైను మరిచిపోయినట్టే. బేస్ టెంప్లేట్‌లో 'లోడ్ స్టాటిక్' రాసినా దాన్ని ఎక్స్‌టెండ్ చేసే ఫైలుకు అది వర్తించదు. ఆ ఫైల్లో ఎక్స్‌టెండ్స్ లైను కింద మళ్లీ రాయాలి. 'కుడ్ నాట్ పార్స్ ద రిమైండర్' అంటే ఫిల్టర్ కోలన్ తర్వాత ఖాళీ వదిలారేమో, ఇఫ్‌లో రెండు ఈక్వల్స్ బదులు ఒకటే పెట్టారేమో చూడండి.

ఇక అసలు సంగతి. వేరియబుల్ దొరక్కపోతే జాంగో ఖాళీ స్ట్రింగ్ పెట్టి ముందుకెళ్తుంది. ఇఫ్‌లో, ఫర్‌లో అయితే దాన్ని నన్‌గా (None, అంటే ఏమీ లేనట్టు) తీసుకుంటుంది. అంటే ఒక్క అక్షరం తప్పు రాసినా ఎల్స్ భాగం కనిపిస్తుంది, లూప్ ఒక్కసారి కూడా తిరగదు. 'స్ట్రింగ్ ఇఫ్ ఇన్వాలిడ్' అనే సెట్టింగ్‌కు ఏదైనా గుర్తు ఇస్తే తప్పున్న చోట ఆ గుర్తు కనిపిస్తుంది. కానీ ఇఫ్, ఫర్‌లలో అది పనిచేయదు, పైగా జాంగోతో వచ్చే అడ్మిన్ పేజీలు చెడతాయి. వెతికేంతసేపే పెట్టి తీసేయండి. దానికంటే 'జాంగో డాట్ టెంప్లేట్' లాగర్‌ను (టెంప్లేట్ల సంగతులను లాగ్‌లో రాసేదాన్ని) డీబగ్ స్థాయికి తేవడం మేలు. ఇఫ్‌లో దొరకని వేరియబుల్ కూడా, ఏ టెంప్లేట్‌లోదో ఆ పేరుతో సహా, లాగ్‌లో పడుతుంది. అడ్మిన్ వల్ల లాగ్ నిండిపోతుంది, కాబట్టి మీ టెంప్లేట్ పేరుతో వెతుక్కోండి.

పేరు సరిగ్గానే ఉన్నా ఖాళీ వస్తోందా? ఉదాహరణకు, యూజర్‌కు ప్రొఫైల్ రికార్డు లేనప్పుడు వచ్చే 'డజ్ నాట్ ఎగ్జిస్ట్' ఎక్సెప్షన్‌ను టెంప్లేట్ బయటపెట్టదు. కావాలనే అలా చేశారు. రికార్డు ఉందో లేదో వ్యూలోనే (టెంప్లేట్‌కు డేటా పంపే పైథాన్ కోడ్‌లోనే) తేల్చుకోండి.

డిఫాల్ట్‌డిక్ట్ (లేని కీ అడిగినా ఒక విలువ ఇచ్చే పైథాన్ డిక్షనరీ) ఇంకా చిక్కు. చుక్క కనబడగానే జాంగో ముందు డిక్షనరీ కీ కోసం చూస్తుంది, ఆ తర్వాతే మెథడ్ కోసం. లూప్‌లో మీరు 'ఐటమ్స్' మెథడ్ అనుకుని రాసినా జాంగో ముందు ఆ పేరుతో కీ అడుగుతుంది; డిఫాల్ట్‌డిక్ట్ లేదనదు, అప్పటికప్పుడు ఖాళీది ఒకటి సృష్టించి ఇచ్చేస్తుంది. డేటా అంతా ఉన్నా లూప్ ఖాళీగా వస్తుంది. టెంప్లేట్‌కు పంపేముందు దాన్ని మామూలు డిక్ట్‌గా మార్చండి, చాలు.