ముందున్న ఒక్కడు, వెనకున్న పదిమంది

వేదిక మీదున్న పెద్దలకు, నెలరోజులు ఎండలో ఈ వేసవి శిబిరం నడిపిన కోచ్‌లకు, పిల్లల్ని తెల్లారకముందే లేపి పంపిన తల్లిదండ్రులకు, వెనక వరసలో నీళ్ల బాటిళ్లతో యుద్ధం చేస్తున్న ఆటగాళ్లకు నమస్కారం. శ్రీకాకుళంలో ఆటల సభ అంటే కోడి రామ్మూర్తి నాయుడు గారిని, కరణం మల్లీశ్వరి గారిని తలచుకోకుండా ఎవరూ మైకు పట్టుకోరు. నేనూ తలచుకుంటున్నాను. రామ్మూర్తి గారు పుట్టిన వీరఘట్టం ఇప్పుడు మన్యం జిల్లాలోకి వెళ్లిపోయిందని ఇక్కడెవరో గుర్తు చేస్తున్నారు. వెళ్లనీండి, రామ్మూర్తి గారు మనవారే. ఆయన బలప్రదర్శన అయినా, 2000లో సిడ్నీలో మల్లీశ్వరి గారి కంచు పతకం అయినా, ఒంటరిగా బరువెత్తి తెచ్చుకున్న పేరు. ఆ ఆటలో పక్కవాడు చెయ్యి వేయకూడదు. ఫుట్‌బాల్‌లో వేయాలి. ఈరోజు నా మాటంతా ఇదే.

నాకిచ్చిన విషయం 'ఒకే స్ట్రైకర్‌తో ఆడటం: లాభనష్టాలు'. స్ట్రైకర్ అంటే గోల్ కోసం అందరికన్నా ముందు ఆడేవాడు. పావుగంట టైమిచ్చారు. బ్లాక్‌బోర్డు అడిగితే తెచ్చిపెట్టారు, సంతోషం. చివర కూర్చున్నవాళ్లకు కనబడుతోందా? లేకపోతే ముందుకు రండి, ఇక్కడ ఖాళీ ఉంది.

ముందు లాభాలు చెబుతాను. ఫుట్‌బాల్ పాత రోజుల్లో ముందు వరసలో ఐదుగురు ఉండేవారు. 1925లో ఆఫ్‌సైడ్ నియమం మారింది. అంతవరకు బంతి అందుకునేవాడికీ గోల్ లైనుకూ మధ్య ముగ్గురు ప్రత్యర్థులు ఉండాలి. అప్పటినుంచి ఇద్దరు చాలన్నారు. గోల్స్ వరద పారింది. దాంతో నడుమ ఉన్న సెంటర్ హాఫ్‌ని వెనక్కి లాగారు. ఆ తర్వాత ముందు నలుగురయ్యారు, ఇద్దరయ్యారు, చివరికి ఒక్కడు మిగిలాడు. ముందునుంచి తీసిన ప్రతి మనిషినీ నడుమనో వెనకనో పెట్టారు.

నడుమ మనిషి పెరిగితే ఏమవుతుందో బోర్డు మీద చూడండి. వాళ్లు 4-4-2 ఆడుతున్నారు, అంటే వెనక నలుగురు, నడుమ నలుగురు, ముందు ఇద్దరు. నడుమ నలుగురిలో ఇద్దరు చెరో అంచున ఉంటారు కాబట్టి మధ్యలో వాళ్లకు ఇద్దరు. మనం 4-5-1 ఆడితే మధ్యలో ముగ్గురం. వాళ్లిద్దరూ మన ఇద్దరి మీదకు వస్తే మూడోవాడు ఖాళీ. మూడోవాడి దగ్గరకు ఒకడు పరిగెడితే వాడు వదిలేసినవాడు ఖాళీ. బంతి మన కాళ్ల దగ్గరే ఉంటుంది, పరుగు వాళ్లది. బంతి పోయినా మనకు నష్టం తక్కువ. నలుగురి వరస, దాని ముందు ఐదుగురి వరస, రెండింటి మధ్య ఖాళీ ఉండదు. 2004 యూరో కప్పులో గ్రీస్ ఇలాగే బిగించుకుని ఆడి ఫ్రాన్స్‌ని 1-0, చెక్‌ని 1-0, ఫైనల్లో సొంతగడ్డ మీద ఆడుతున్న పోర్చుగల్‌ని 1-0 తేడాతో కొట్టింది. ఫైనల్లో ఆ ఒక్క గోల్ కార్నర్ నుంచి వచ్చింది, కరిస్టియాస్ హెడర్.

సరే, ఇది చూసి మన దగ్గర అందరూ నేర్చుకున్నారు. ఎదుటి జట్టు కాస్త గట్టిదైతే చాలు, మాస్టారు కాగితం తీసి 4-5-1 అని రాస్తారు. రాసేది 4-5-1, గ్రౌండ్‌లో ఆడేది 9-1.

ఆ ఒక్కడి సంగతి చెప్పాలి. నేను తీరం వైపు ఒక హైస్కూల్లో పీఈటీగా, అంటే ఆటల మాస్టారుగా ఉన్న రోజులవి. మా దగ్గర ఒక గుంటడు ఉండేవాడు, వేటకెళ్లే ఇంటివాడు. పొడుగు లేడు గానీ వల లాగి లాగి భుజాలు గట్టిపడ్డాయి. బంతిని ఛాతీతో ఆపి కాలి కిందకు తెచ్చుకున్నాడంటే వెనకనుంచి ఎవడూ తీయలేడు. సెలెక్షన్ కోసం రెండు మూడు బడులు కలిపి ఒక జట్టు చేశారు. కోచింగ్ వేరేవాళ్లది, నేను టచ్ లైన్ దగ్గర నీళ్ల బకెట్‌తో ఉన్నాను. మా కీపర్ పొడుగ్గా తన్నేవాడు. వీడు గోల్‌కి వీపు పెట్టి ఎగిరి ఆపేవాడు. వెనక స్టాపర్, అంటే వాళ్ల గోల్ ముందు కాపలా ఉండే డిఫెండర్, మోకాలు వీడి తొడలో గుచ్చుకునేది. చొక్కా వీపంతా ఆ స్టాపర్ గుప్పిట్లో నలిగి బొత్తాం ఊడిపోయింది. బంతి మీద కాలేసి, నడుము అడ్డం పెట్టి, ఇటు చూసేవాడు, అటు చూసేవాడు. మా మిడ్‌ఫీల్డ్ ఐదుగురూ సెంటర్ లైన్ దగ్గర నడుం మీద చేతులేసుకుని నిలబడేవారు. ఈలోగా రెండో స్టాపర్ వచ్చి బంతి తీసుకునేవాడు. మళ్లీ అంతా మా గోల్ వైపు పరుగు.

ఇంటర్వెల్లో గ్లూకోజు నీళ్లు ఇస్తూ అడిగాను, 'ఏరా, బంతి ఆగట్లేదా?' అని.

'బంతి ఆగతంది మాస్టారూ. మనిషే రాడు.'

టాక్టిక్స్ గురించి నేను ఎన్ని చదివినా ఇంతకన్నా సూటిగా ఎవరూ చెప్పలేదు. మ్యాచ్ ఓడిపోయాం. సెలెక్టర్ కాగితంలో వాడి పేరు పక్కన గోల్స్ అన్న చోట సున్నా వేసి కింద గీత గీశాడు. నేను వెళ్లి అడిగాను. 'స్ట్రైకర్ అన్నాక గోల్ కొట్టాలి కదండీ' అన్నాడు. ఎంత చెప్పినా గీత గీతే. వాడు పదో తరగతి కాగానే గుజరాత్‌లోని వెరావల్‌కి, చేపల బోట్ల మీదకు వెళ్లిపోయాడు. మన తీరంలో చాలామంది కుర్రాళ్లు అటే వెళ్తారు, అది మీకు తెలిసిందే.

కోపం తెచ్చుకోవడం లేదు, మైకు కాస్త దూరం పెట్టుకుంటాను.

2018 వరల్డ్ కప్ ఫ్రాన్స్ గెలిచింది. ముందు ఆడినవాడు జిరూ. ఏడు మ్యాచ్‌ల్లోనూ దిగాడు. ఒక్క గోల్ లేదు. గోల్‌లోకి సూటిగా వెళ్లిన షాట్ ఒక్కటి కూడా లేదు. కోచ్ తీసేయలేదు. ఎందుకంటే జిరూ బంతి ఆపితే ఎంబాపే, గ్రీజ్‌మన్ పరిగెత్తుకొచ్చేవారు. వాళ్లిద్దరూ తలా నాలుగు గోల్స్ కొట్టారు. అంతకు 20 ఏళ్ల ముందు, 1998లో ఇదే ఫ్రాన్స్ కప్పు గెలిచినప్పుడు ముందు గీవార్ష్ ఉన్నాడు. వాడిదీ సున్నాయే. ఫైనల్లో జిదాన్ రెండు, పెటీ ఒకటి కొట్టారు, ఇద్దరూ మిడ్‌ఫీల్డర్లే. మన సెలెక్టర్ గారి లెక్కన రెండు వరల్డ్ కప్పుల స్ట్రైకర్లకూ జిల్లా జట్టులో చోటు దొరకదు.

పిల్లలూ, ఇది వినండి, ఇంకా నష్టాలు మిగిలాయి. ముందు ఒక్కడే ఉంటే వాళ్ల స్టాపర్లు ఇద్దరిలో ఒకడు కాపలా కాస్తాడు, రెండోవాడికి పనిలేదు. పనిలేనివాడు ఊరుకోడు. బంతి పట్టుకుని నింపాదిగా ముందుకు నడిచి వస్తాడు. వాడిని ఆపడానికి మన నడుమ ముగ్గురిలో ఒకడు వెళ్లాలి. అంతే, ముందునుంచి ఒకడిని తీసి నడుమ సంపాదించిన లాభం అక్కడే పోయింది. దీనికి మందు స్ట్రైకర్ పరుగులో ఉంది. నేరుగా బంతి మీదకు పరిగెత్తకూడదు. వంపు తిరుగుతూ, ఇద్దరు స్టాపర్ల మధ్య పాస్‌కి అడ్డంగా రావాలి. అప్పుడు బంతి ఉన్నవాడికి ఒక పక్కే మిగులుతుంది, అంచున ఆడే మన వింగర్ ఆ పక్క కాచుకుంటాడు. రెండో నష్టం, పొడుగ్గా తన్నిన బంతి తలలకు తగిలి కింద పడినప్పుడు అక్కడ మనవాడు లేకపోవడం. మూడోది మీకు చెప్పక్కర్లేదు. గోల్ వెనకబడితే అప్పుడు గుర్తొస్తుంది, ముందు మనిషే లేడని.

స్పెయిన్ 2012 యూరో ఫైనల్లో అసలు స్ట్రైకర్ లేకుండానే మొదలుపెట్టి, మిడ్‌ఫీల్డర్ ఫాబ్రెగాస్‌ని ముందు పెట్టి, ఇటలీని 4-0తో కొట్టింది కదా అని ఎవరైనా అడగొచ్చు. అడగండి. మొదటి గోల్ చూడండి. ఫాబ్రెగాస్ కుడివైపు గోల్ లైను దాకా వెళ్లి వెనక్కి వేశాడు, సిల్వా పరిగెత్తుకొచ్చి తలతో కొట్టాడు. అక్కడ మనిషి వచ్చాడు. రాకపోతే ఆ బంతి గోల్ ముందు నుంచి అలా వెళ్లిపోయేది.

మన రహీం సాబ్ గురించి ఒక్క నిమిషం. హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం గారు, అప్పటి భారత జట్టు కోచ్. మొదట బడిపంతులు, అందుకే పీఈటీలకు ఆయనంటే గర్వం. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి తల పగిలి కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే కూర్చోబెట్టేవారు. రహీం సాబ్ ఆ కుట్ల తలవాడిని తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌గా పెట్టారు. సెమీఫైనల్లో గోల్, దక్షిణ కొరియా మీద ఫైనల్లో గోల్. 2-1, బంగారు పతకం. ఈ కథ అందరూ ధైర్యం గురించి చెబుతారు. నాకు జర్నైల్ పక్కన ఎవరెవరున్నారన్నది ముఖ్యం. పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం. అంతమంది తోడుంటే కుట్ల తలతో కూడా ఆడొచ్చు.

టైమ్ అయిపోయిందని చీటీ వచ్చింది. చదివాను, జేబులో పెట్టుకున్నాను.

కోచ్‌లకు ఒక మాట. ఒక్క స్ట్రైకర్‌తో ఆడించండి, తప్పులేదు. కానీ బంతి వాడి ఛాతీకి తగిలే లోపల ముగ్గురు బయలుదేరాలి. ఒకడు వాడి పక్కకు, ఒకడు వాడిని దాటి, ఒకడు కింద పడే బంతి కోసం. పొద్దున్నే కోన్లు పెట్టి ఇదొక్కటే అరగంట చేయించండి. రానివాడిని బయట కూర్చోబెట్టండి, ముందున్నవాడిని కాదు.

చివరగా నిర్వాహకులకు ఒక మనవి. బల్ల మీద కప్పులు చూశాను. ఎక్కువ గోల్స్ కొట్టినవాడికి ఒకటుంది, కీపర్‌కి ఒకటుంది. వచ్చే ఏడాది గోల్‌కి ముందు పాస్ ఇచ్చినవాడికీ ఒకటి పెట్టండి. స్కోరు పుస్తకంలో దానికొక గడి గీయించండి, లేకపోతే ఎవరిచ్చారో సాయంత్రానికి ఎవరికీ గుర్తుండదు. కప్పు ఖర్చు నాది, డబ్బు ఈరోజే సెక్రటరీ గారి చేతిలో పెట్టి వెళ్తాను. రసీదు ఇప్పించండి.