నాగ్‌పూర్ సంత్రాతో వైన్ పంచ్: సోడా ఎప్పుడు పోయాలి?

నమస్తే అండీ, బల్లార్షా నుంచి మాట్లాడుతున్నాను. ఇవాళ సాయంత్రం మా ఆడబిడ్డ వాళ్లు కాగజ్‌నగర్ నుంచి రైల్లో దిగుతున్నారు. పిల్లలతో కలిపి పన్నెండు మందిమి అవుతాం. "ఆ పంచ్ చెయ్యరాదూ" అని ఒక మాట పడేసి మా ఆయన డ్యూటీకి వెళ్లిపోయారు. ఎలాగూ చేస్తున్నాను కదా, మీకూ చూపిస్తాను.

ముందు వైన్ సంగతి. మా చంద్రపూర్ జిల్లాలో 2015 నుంచి 2021 దాకా మద్య నిషేధం. అప్పుడైతే ఈ వీడియో తీసే ధైర్యం ఉండేది కాదు. పక్కన గడ్చిరోలి జిల్లాలో 1993లోనే నిషేధం పెట్టారు. అటు చుట్టాలింటికి వెళ్తూ బ్యాగులో సీసా పెట్టుకోకండి. ఇదిగో, నాసిక్ రెడ్ వైన్, 750 మి.లీ. సీసా ఒక్కటి చాలు. ఖరీదైనది కొనకండి. చక్కెర, పులుపు, సోడా కలిశాక దాని గొప్పతనం నాలుకకు తెలియదు. పండ్లు మాత్రం మంచివి తేవాలి, చవకవి తెచ్చారో దొరికిపోతారు.

పండ్లంటే మాకు నాగ్‌పూర్ సంత్రాలే. చలికాలం మొదలైందంటే బండ్ల నిండా ఇవే. ఆరు తీసుకున్నాను. కెమెరా దగ్గరికి తెస్తాను, చూడండి. తొక్కను ఇలా మడిచి గోటితో నొక్కితే సన్నగా తుంపర లేచింది కదా? అది నూనె. వాసనంతా అందులోనే ఉంది. రెండు పండ్లకు పైనున్న నారింజ రంగు వరకే పీలర్‌తో పల్చగా తీయండి. కింది తెల్లది వస్తే చేదు.

అరకప్పు చక్కెర, అరకప్పు నీళ్లు, చిన్న దాల్చిన చెక్క, నాలుగు లవంగాలు పొయ్యి మీద పెట్టండి. పాకం పట్టక్కర్లేదు, చక్కెర కరిగితే చాలు. దించి అందులో ఈ తొక్కలు వేసి మూత పెట్టండి. పూర్తిగా చల్లారాలి. వేడిది వైన్‌లో పోస్తే ఆ వాసన కాస్తా ఎగిరిపోతుంది.

ఇప్పుడు నాలుగు పండ్ల రసం, చేత్తోనే పిండండి. మొదటిసారి నేను తెలివిగా మిక్సీలో వేశాను. గింజలు నలిగిపోయి రసం వేపాకు కషాయంలా తయారైంది. ఎంత చక్కెర వేసినా దారికి రాలేదు, మొత్తం సింకులో పోశాను. మిగిలిన రెండింటిని ఒలిచి, గింజలు తీసి తొనలు వేయండి. ఒక యాపిల్ చిన్న ముక్కలుగా కోసి, నల్లబడకుండా వెంటనే రసంలో పడేయండి. సగం దానిమ్మ, ఒక నిమ్మకాయ రసం. అరటి, జామ వద్దు, మెత్తబడి గుజ్జులా తేలతాయి.

గాజు గిన్నె కానీ స్టీలుది కానీ తీసుకోండి. రాగి, ఇత్తడి, అల్యూమినియం వద్దు, పులుపుకు లోహం దిగుతుంది. వైన్, రసం, వడగట్టిన చక్కెర నీళ్లు, పండ్లు అన్నీ కలిపి నాలుగు గంటలు ఫ్రిజ్‌లో పెట్టేయండి.

సోడా ఇప్పుడే పోయొద్దు! పొద్దున పోసి పెడితే రాత్రికి గ్యాసంతా పోయి చప్పగా ఉంటుంది. చుట్టాలు వచ్చి, కాళ్లు కడుక్కుని కూర్చున్నాక, చల్లటి సోడా 750 మి.లీ. గిన్నె అంచు వెంబడి మెల్లగా పోసి ఒక్కసారి కలపండి. ఐసు కూడా ముక్కలుగా వద్దు. నిన్న రాత్రే ఒక గిన్నెడు నీళ్లు గడ్డ కట్టించాను. ఇంత పెద్ద గడ్డ అయితే నిదానంగా కరుగుతుంది, పంచ్ నీళ్లగా అవదు.

ఎంత ఘాటు అంటారా? వైన్‌లో 13 శాతం ఆల్కహాల్ అనుకుంటే, అన్నీ కలిశాక 5 శాతం దగ్గరికి వస్తుంది, మామూలు బీరంత. పెద్దవాళ్లం ఎనిమిది మందిమి, తలా ఒక గ్లాసు. తియ్యగా ఉంది కదా అని షర్బత్‌లా తాగేస్తారు, అక్కడే చిక్కు. బండి నడిపేవాళ్లకు, మందులు వాడేవాళ్లకు, గర్భిణులకు పోయకండి. మహారాష్ట్రలో వైన్‌కు 21 ఏళ్లు నిండాలి. పిల్లలకు సంత్రా రసం, దానిమ్మ రసం, సోడా కలిపి వేరే రంగు జగ్గులో పెట్టాను.

ఇంకోటి, గిన్నె అడుగున మిగిలే పండ్లను తేలిగ్గా తీసుకోకండి. పోయినసారి మా అత్తమ్మ "నేను వైన్ ముట్టనమ్మా" అంటూనే ఆ యాపిల్ ముక్కలు చెంచాతో రెండు గిన్నెలు తిన్నారు. ఆ రాత్రి మా మామయ్యకు చిన్నప్పటి పాటలన్నీ పాడి వినిపించారు. అందుకే ఈసారి ఆమెకు పిల్లల జగ్గు పక్కనే కుర్చీ వేశాను.