దొరికిన కుక్క ఎవరిది?

పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, వెనక బెంచీల్లో గుసగుసలాడుతున్న పిల్లలకు నమస్కారం. మొన్న మన గ్రంథాలయ కార్యదర్శి మావయ్యగారు ఫోన్ చేసి, "అమ్మాయ్, ఇంగ్లండ్‌లో నర్సుగా చేసి వచ్చావు కదా, ఆదివారం సభలో అక్కడి ఆసుపత్రుల గురించి రెండు ముక్కలు చెప్పు" అన్నారు. ఆసుపత్రుల సంగతి ఇంకోసారి చెప్తాను, ఈసారికి తప్పిపోయిన కుక్కల గురించి మాట్లాడతాను అన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తరవాత, "సరేలే, దీపావళి మొన్ననే అయింది, పనికొస్తుంది" అన్నారు.

పనికొస్తుంది కూడా. టపాకాయల మోతకి బెదిరి, గోడ దూకి, బెల్టు తెంపుకుని పారిపోయే కుక్కలు మన పర్లాకిమిడిలో దీపావళి మర్నాడు కనిపిస్తాయి. ఇంగ్లండ్‌లో అయితే నవంబరు 5 మర్నాడు. 1605లో అక్కడి పార్లమెంటుని మందుగుండుతో పేల్చబోయి కొందరు దొరికిపోయారు. ఆ కుట్ర విఫలమైన రోజుని ఇప్పటికీ బాణసంచాతో జరుపుకుంటారు. మందుగుండు ఎవరిదైనా పరిగెత్తేది కుక్కే.

అలా పరిగెత్తి వచ్చిన కుక్క మన గుమ్మంలో కూర్చుంటే ఏం చెయ్యాలన్నది ఇవాళ్టి మాట. చాలామంది రెండు పనుల్లో ఒకటి చేస్తారు. పాపమని పెంచేసుకుంటారు, లేదా మొదట అడిగినవాళ్ళ చేతిలో పెట్టేస్తారు. నా లెక్కలో రెండూ తప్పే. ఎక్కడో ఒక ఇంట్లో దాని పళ్ళెం ఖాళీగా ఉంది, దాన్ని వెతుక్కుంటూ ఎవరో తిరుగుతున్నారు. వాళ్ళ తరఫున కాసేపు కాపలా ఉండటమే మన పని.

కాపలాకి ముందు తేల్చుకోవలసింది, అది తప్పిపోయిన కుక్కా, ఊరకుక్కా అని. ఇంగ్లండ్‌లో ఈ అనుమానం రాదు. వీధిలో ఒంటరిగా కుక్క కనిపిస్తే అది ఎవరో ఒకరిదే అనుకుంటారు. మన దగ్గర వీధికుక్కకి ఇల్లు లేకపోయినా ఊరుంటుంది. టీకొట్టు ముందు పడుకుంటుంది, చేపల బజారుకి ఏ వేళకి వెళ్ళాలో దానికి తెలుసు, లారీ హారన్ కొడితే ఒక చెవి కదిపి మళ్ళీ కళ్ళు మూసుకుంటుంది. దాన్ని ఎత్తుకొచ్చి ఫోటో తీసి "యజమాని కావలెను" అని పెడితే దానికి మేలు చేసినట్టు కాదు. చెవి కొస కత్తిరించి ఉంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేశారని గుర్తు. వీధికుక్కల మీద కేంద్రప్రభుత్వం 2023లో తెచ్చిన నిబంధనల ప్రకారం అలాంటి కుక్కని పట్టిన చోటే తిరిగి వదలాలి. బస్టాండ్లు, ఆసుపత్రుల్లాంటి చోట్ల విషయంలో 2025లో సుప్రీంకోర్టు వేరే ఆదేశాలిచ్చింది. ఆ గొడవలోకి వెళ్తే మనకి ఇక్కడే చీకటి పడుతుంది.

తప్పిపోయినదాని వాలకం వేరు. మెడ చుట్టూ బొచ్చు అణిగి బెల్టు గీత కనిపిస్తుంది. గోళ్ళు కత్తిరించి ఉంటాయి. వీధికుక్కలు మొరిగితే తిరగబడదు, తోక కాళ్ళ సందున పెట్టుకుని మనుషుల వైపే వస్తుంది. తెరిచి ఉన్న ప్రతి తలుపు దగ్గరా ఆగి లోపలికి చూస్తుంది. అది ఏ పనికి ఆగుతోందో, ఎవరిని చూసి లేస్తోందో కాస్త ఓపిగ్గా గమనించండి. దాని అడ్రసు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

ఇది నాకు ఇంగ్లండ్‌లో, నేను పనిచేసిన యార్క్‌షైర్‌లో తెలిసింది. నైట్ డ్యూటీ దిగి బస్టాపుకి వచ్చాను. చినుకులు పడుతున్నాయి. బెంచీ కింద ముసలి టెరియర్ జాతి కుక్క ఒకటి, మూతి దగ్గర బొచ్చు నెరిసిపోయింది, పొట్ట కింద బురద, మెడలో బెల్టు లేదు. బస్సు వచ్చి తలుపు 'స్స్' మని తెరుచుకోగానే లేచి నిలబడేది. దిగేవాళ్ళ మొహాల వైపు చూడటం లేదు, కాళ్ళ వైపు చూస్తోంది. అందరూ దిగిపోయాక మళ్ళీ బెంచీ కిందకి వెళ్ళి పడుకునేది. నా బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది, నేను ఎక్కలేదు.

ఆ కాసేపటిలో నాకు పట్టుకున్న టెన్షన్ చెప్తే మీరు నవ్వుతారు. వీసా మీద బతుకుతున్న మనిషిని. ఎవరిదో కుక్కని చున్నీతో కట్టి తీసుకుపోతుంటే, "నా కుక్కని పట్టుకుపోతోంది" అని ఎవరైనా కేక పెడితే? మా వార్డులో పనిచేసే మలయాళీ అమ్మాయికి ఫోన్ చేశాను. "వదిలేసి ఇంటికెళ్ళి పడుకో, మనకెందుకు" అంది. పరాయి దేశంలో మనవాళ్ళు ఒకరికొకరు ఎక్కువగా ఇచ్చుకునే సలహా ఇదే. చెడ్డ సలహా అనను, భయం నుంచి వచ్చిన సలహా అంటాను. ఆ భయానికి మందు కూడా చట్టంలోనే ఉంది.

1990 నాటి చట్టం ప్రకారం ఇంగ్లండ్‌లో తప్పిపోయిన కుక్కని పట్టుకున్నవాళ్ళు దాన్ని యజమానికి అప్పగించాలి, లేదంటే అక్కడి కౌన్సిల్‌కి, అంటే మన మునిసిపాలిటీ లాంటిదానికి చెప్పాలి. 2008 నుంచీ పోలీసులకి దీనితో సంబంధం లేదు. కౌన్సిల్‌లో ఇదే పని మీద ఉండే ఉద్యోగిని డాగ్ వార్డెన్ అంటారు. వాళ్ళు కుక్కని ఏడు రోజులు ఉంచుతారు. యజమాని వస్తే 25 పౌండ్లూ, ఉంచినన్నాళ్ళ ఖర్చూ కట్టించుకుని ఇచ్చేస్తారు. ఏడు రోజులు దాటితే ఇంకెవరికైనా ఇచ్చేయవచ్చు. "నేనే ఉంచుకుంటాను" అని దొరికినవాళ్ళు అడిగితే, వార్డెన్ ఒప్పుకుంటే, కనీసం 28 రోజులు ఉంచుకోవాలి. చెప్పకుండా ఇంట్లో పెట్టుకోవడం నేరం. మొన్న 2024లో కుక్కల్ని, పిల్లుల్ని ఎత్తుకుపోయేవాళ్ళకి అయిదేళ్ళ దాకా జైలు పడేలా ప్రత్యేకంగా ఇంకో చట్టం కూడా తెచ్చారు. కాబట్టి పరాయి ఊళ్ళో కుక్క దొరికితే ముందు ఫోన్ తియ్యండి. ఎప్పుడు, ఎక్కడ దొరికిందో కౌన్సిల్‌కి చెప్పేస్తే మీ మీద అనుమానం రాదు.

నేనూ చెప్పాను. వార్డెన్ వచ్చేలోపు దగ్గర్లోని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమన్నారు. అక్కడ చిప్ ఉందేమో చూశారు, డబ్బు తీసుకోలేదు. చిప్ అంటే మనవాళ్ళు కొందరు ఫోన్‌లో మ్యాపు మీద కుక్క ఎక్కడుందో చూపిస్తుంది అనుకుంటారు. అదేం చూపించదు. బియ్యపు గింజంత గాజు గొట్టం, అందులో బ్యాటరీ ఉండదు. సూదితో భుజాల మధ్య చర్మం కిందకి ఎక్కిస్తారు. రీడర్‌ని దగ్గరగా పెడితే 15 అంకెల నంబరు ఒకటి చెప్తుంది, అంతే. పేరు, ఫోను, ఇల్లు వేరే రిజిస్టర్‌లో ఉంటాయి. అక్కడ అలాంటి రిజిస్టర్లు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. ఏ నంబరు ఎందులో ఉందో ముందు వెతకాలి. చిప్ ఒక్కోసారి జారి భుజం మీదకో కాలి వైపుకో పోతుంది కాబట్టి డాక్టరు రీడర్‌ని మెల్లగా ఒళ్ళంతా తిప్పారు. దొరికింది. యజమాని నంబరు నాకు చెప్పరు, వాళ్ళే ఫోన్ చేస్తారు. చేశారు. ఆ నంబరు పనిచెయ్యడం లేదు. అడ్రసు ఇంకో ఊరిది.

ఇంగ్లండ్‌లో 2016 ఏప్రిల్ నుంచీ కుక్కలన్నిటికీ చిప్ తప్పనిసరి. వివరాలు పాతబడితే చిప్ లేనట్టే లెక్క, నోటీసు అందాక 21 రోజుల్లో సరిచేసుకోకపోతే 500 పౌండ్ల దాకా జరిమానా. అంత పకడ్బందీగా ఉన్నచోట కూడా ఆ పొద్దున రీడర్ చెప్పిన నంబరు ఎవరి ఇంటికీ దారి చూపించలేదు. యజమాని ఎవరో చెప్పింది బస్సు డ్రైవరు. వార్డెన్‌తో కలిసి మళ్ళీ బస్టాపుకి వెళ్ళాం. కుక్క బస్సు తలుపు చూసి లేవడం ఆయనకి చెప్పాను. ఆగిన బస్సు డ్రైవరు కిందకి చూసి, "ఇదా, పొద్దున్నే ముసలాయనతో మార్కెట్‌కి వస్తుంది కదా" అన్నాడు. ఏ స్టాపులో ఎక్కుతారో కూడా చెప్పాడు. ఆ ముసలాయన తెల్లవార్లూ టార్చి పట్టుకుని ఇంటి వెనక పార్కులో వెతుకుతున్నాడట. కూతురు ఊరు మారిపోతూ కుక్కని తండ్రికి ఇచ్చేసింది, చిప్ రిజిస్టర్‌లో వివరాలు మార్చలేదు. వార్డెన్ ఆయన్ని మందలించాడు. ఆయన తల ఊపాడు గానీ ఒక్క ముక్కా విన్నట్టు లేదు, కుక్క చెవుల్లో బురద తుడుస్తూ ఉండిపోయాడు.

ఇక మన ఊరికి వద్దాం. మన దగ్గర కుక్కలన్నిటికీ కలిపి చిప్ రిజిస్టర్ లేదు. మరి వాట్సాప్ ఉంది కదా అంటారు. పోయిన దీపావళి మర్నాడు రైల్వేస్టేషన్ దగ్గర తిరుగుతున్న లాబ్రడార్‌ని మా వీధి కుర్రాళ్ళు తీసుకొచ్చారు. ఫోటో ఊరి గ్రూపులన్నిటిలో పెట్టేశారు. ముందు నుంచి, పక్క నుంచి, తోక, పంజా, అన్నీ. సాయంత్రానికి దాన్ని తమదేనంటూ వచ్చినవాళ్ళు ఒకరికి మించి ఉన్నారు. ఒకాయన గొలుసు కూడా వెంట తెచ్చుకున్నాడు. "ఏటి బావూ, కుక్క మీదేనా? పేరు పెట్టి పిలవండి" అని మా అమ్మ అడిగితే ఆయన 'టామీ' అన్నాడు. లాబ్రడార్ ఏ పేరుకైనా తోక ఊపుతుంది, దాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదు.

నేను చూసింది వెనక కాలి లోపలి వైపు మానిపోయిన కుట్ల గుర్తు. అది ఏ ఫోటోలోనూ లేదు. "దీనికి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా?" అని అడిగితే ఆయన గొలుసు చుట్టుకుని వెళ్ళిపోయాడు. దొరికిన కుక్క ఫోటో పెట్టేటప్పుడు ఒక గుర్తు మీ దగ్గరే ఉంచుకోండి. మచ్చ కావచ్చు, బెల్టు రంగు కావచ్చు. వచ్చినవాళ్ళని పాత ఫోటో చూపించమనండి, టీకా కార్డు అడగండి. మంచి జాతి కుక్కకి డబ్బు వస్తుంది, అందుకని అబద్ధం ఆడేవాళ్ళు ఉంటారు. నిజం యజమాని మీ ప్రశ్నలకి కోపగించుకోడు. ఎన్ని అడిగితే అంత సంతోషిస్తాడు.

సరే, అసలు యజమాని ఎందుకు రాలేదు? ఎందుకంటే వాళ్ళది పాతపట్నం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన గీతకి మనం ఇటు ఒడిశాలో పడ్డాం, వాళ్ళు అటు, ఇప్పటి ఆంధ్ర వైపు మిగిలారు. కూరగాయల బండి రోజూ ఆ గీత దాటుతుంది. గుణుపురం రైలు దాటుతుంది. పెళ్ళి సంబంధాలు దాటుతాయి. దాటనిది వాట్సాప్ గ్రూపు ఒక్కటే! వాళ్ళు పాతపట్నం గ్రూపుల్లో, టెక్కలి గ్రూపుల్లో "మా కుక్క తప్పిపోయింది" అని పెట్టారు. మనవాళ్ళు పర్లాకిమిడి గ్రూపుల్లో "కుక్క దొరికింది" అని పెట్టారు. ఈ రెండూ ఎక్కడా కలుసుకోలేదు. వాళ్ళు శ్రీకాకుళం జిల్లా పోలీసులకి చెప్పుకున్నారు, మనది గజపతి జిల్లా. ఆటోలో పోయే దూరానికి రెండు రాష్ట్రాలు.

చివరికి పాలవాడు కలిపాడు. పొద్దున్నే అటూ ఇటూ తిరిగే మనిషి కదా, రెండు భాషల్లో రాసిన కాగితం ఆయన చేతికిస్తే పాతపట్నం బస్టాండులో అంటించాడు. మధ్యాహ్నానికి ఫోన్ వచ్చింది. "వెనక కాలికి కుట్లున్నాయి కదమ్మా?" అన్నదే ఆవిడ మొదటి మాట. కాబట్టి సరిహద్దు ఊళ్ళో కుక్క దొరికితే ఒడియాలో ఒక కాగితం, తెలుగులో ఒక కాగితం, అవతలి ఊరికి ఒక మనిషి. పశువుల ఆసుపత్రులు కూడా రెండు వైపులా అడగాలి.

ఆపద్బాంధవులకి నర్సుగా ఒక మాట. బెదిరిన కుక్క మంచిదైనా కరుస్తుంది. పంటి గాటు పడినా, గోరు గీసుకున్నా, సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద పావుగంట కడగండి. పసుపూ కారం పెట్టకండి, కట్టు కట్టకండి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. చర్మంలో వేసే రేబిస్ టీకా మొదటి రోజున, తరవాత మూడు, ఏడు, 28వ రోజుల్లో వేస్తారు. కుక్క బాగానే ఉందని మధ్యలో మానేయకండి, డాక్టరు చెప్పేదాకా.

ఖర్చు ఎవరు పెట్టుకోవాలి అని నన్ను చాలామంది అడుగుతారు. మన 1872 కాంట్రాక్టు చట్టంలోనే దానికి జవాబుంది. పరాయివాళ్ళ వస్తువు దొరికి మన దగ్గర పెట్టుకుంటే, మనకి అప్పగించిన వస్తువుని చూసుకున్నంత జాగ్రత్తగా చూసుకోవాలి. చట్టం కళ్ళకి కుక్క కూడా యజమాని సొత్తే. మన ఇష్టంతో పెట్టిన ఖర్చుకి కోర్టులో దావా వెయ్యలేం, కానీ ఆ ఖర్చు ఇచ్చేదాకా కుక్కని ఆపి ఉంచే హక్కుంది. ఫలానా బహుమానం ఇస్తామని వాళ్ళు ముందే ప్రకటిస్తే దానికి దావా వెయ్యవచ్చు. నేనైతే తిండి ఖర్చుకి కుక్కని ఆపి ఉంచను. ఆవిడ పాతపట్నం నుంచి కాజాలు తెచ్చింది, మా అమ్మ వద్దనలేదు.

కార్యదర్శి మావయ్యగారితో మాట్లాడాను. ఈ గ్రంథాలయం బయటి గోడ మీద తప్పిపోయినవి, దొరికినవి రాసుకోవడానికి నల్లబోర్డు పెట్టడానికి ఒప్పుకున్నారు. ఒడియాలో రాసేవాళ్ళు ఇద్దరు దొరికారు. పాతపట్నం వైపు రోజూ వెళ్ళొచ్చేవాళ్ళు ఈ సభలో ఎవరున్నారు? చేతులెత్తండి, పేర్లు రాసుకుంటాను. ఆ తరవాత మీ ప్రశ్నలు.