వరి గట్టు మీద దీపపు ఎర

(గుంటూరులో రైతులు, వ్యవసాయ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

దీపపు ఎర అంటే తెలియనివాళ్లు ఇక్కడ ఉండరు. బల్బు, దాని కింద టబ్బు, టబ్బులో నీళ్లు, పైన కాస్త కిరోసిన్. తెల్లారేసరికి టబ్బు నిండా పురుగులు. "చూశారా, ఎన్ని చచ్చాయో!" అని సంబరపడతాం. ఆ సంబరం చూస్తే నాకు బెంగగా ఉంటుంది. టబ్బులోవాటిని ఒక పళ్లెంలో పోసి విడదీసి చూడండి. కాండం తొలిచే పురుగు, ఆకుముడత, సుడిదోమ ఉంటాయి, నిజమే. వాటితోపాటు అక్షింతల పురుగులు, నేల మీద తిరిగే పెంకు పురుగులు, సుడిదోమ గుడ్లు తినే మిరిడ్ నల్లులు కూడా చచ్చిపడి ఉంటాయి. ఇలా చేటు పురుగులను తిని మన పక్షాన పనిచేసేవాటిని మనమే చంపుకుంటున్నాం.

పైగా ఒక్క దీపంతో చేలో పురుగంతా పోదు. పక్క చేల నుంచి వచ్చేవి వస్తూనే ఉంటాయి. అందుకే నేను అడిగేది ఒక్కటే: దీపాన్ని లెక్క కోసం పెట్టండి. ఇవాళ ఏమొచ్చాయి, నిన్నటికన్నా పెరిగాయా తగ్గాయా అన్నది పుస్తకంలో ఉంటే మందు ఎప్పుడు కొట్టాలో తెలుస్తుంది. ఎప్పుడు కొట్టక్కర్లేదో కూడా తెలుస్తుంది, నా దృష్టిలో అదే ముఖ్యం.

టబ్బు, కిరోసిన్ పక్కన పెట్టేయండి. గట్టు మీద రెండు కర్రలు పాతి తెల్ల పంచె కట్టండి, దాని ముందు దీపం వేలాడదీయండి. తడి గట్టు మీదికి కరెంటు వైరు లాగొద్దు, బ్యాటరీ దీపమే క్షేమం. అల్ట్రావయొలెట్ కాంతి ఇచ్చే బల్బుకు రెక్కల పురుగులు ఎక్కువగా వస్తాయి, మామూలు ఎల్‌ఈడీకి తక్కువగా వస్తాయి. ఏదైనా ఫర్వాలేదు గానీ, సీజన్ మొత్తం అదే బల్బు ఉండాలి. మధ్యలో మారిస్తే పాత లెక్కతో పోల్చలేం. పొద్దుగూకాక రెండు మూడు గంటలు వెలిగించి, లెక్కపెట్టి, ఫొటోలు తీసి ఆర్పేయండి. పంచె దులిపితే వచ్చినవి వాటి దారిన అవి పోతాయి. అంతసేపు కూర్చోలేనివాళ్లు దీపం కింద గరాటు, బకెట్ అమర్చి లోపల కోడిగుడ్ల అట్టలు పెట్టుకోవచ్చు. పురుగులు అట్టల గుంటల్లో ఒదిగి కూర్చుంటాయి. పొద్దున్నే లెక్క చూసుకుని వదిలేయండి.

పంచె మీద మొదట వెతకాల్సింది కాండం తొలిచే పురుగు తల్లిని, అంటే గుడ్లు పెట్టే రెక్కల పురుగును. పసుపు రంగు రెక్కలు పెంకుటింటి కప్పులా వాల్చి కూర్చుంటుంది. ముందు రెక్కల మీద ఒక్కోదానికి ఒక్కటే నల్లచుక్క. పొట్ట చివర వెంట్రుకల కుచ్చు ఉంటుంది. ఆకు కొన దగ్గర గుడ్లు పెట్టి, ఆ వెంట్రుకలతోనే వాటిని కప్పుతుంది. అందుకే నాటేముందు నారు కొనలు తుంచమని చెప్తారు, ఆ కొనలతోపాటే గుడ్లూ పోతాయి. మగది ఇంకా చిన్నది, మట్టి రంగు, చుక్క సరిగా కనబడదు. ఆడ పురుగు వాసనతో రప్పించే లింగాకర్షక బుట్టల్లో మగవే పడతాయి. దీపానికి ఆడవి కూడా వస్తాయి. గుడ్లు పెట్టేవి అవే కాబట్టి వాటిని విడిగా రాసుకోండి.

గుడ్డు పగిలి పిల్ల పురుగు బయటికి రావడానికి దాదాపు వారం పడుతుంది. అది కాండంలోకి దూరిందంటే పైన కొట్టిన మందు దానికి సరిగా అందదు. దీపం దగ్గర ఆడవి ఒక్కసారిగా పెరిగాయంటే మన చేతిలో ఉన్నది ఆ వారమే. మర్నాడే చేలో దిగి ఆకు కొనలు చూడండి. చదరపు మీటరుకు ఒక తల్లి పురుగో, ఒక గుడ్ల ముద్దో కనిపిస్తే అప్పుడు మందు సంగతి ఆలోచించాలి. ట్రైకోగ్రామా అనే మిత్ర కీటకం ఉన్న కార్డులు చేలో కట్టడానికీ ఇదే అదను. ఆ చిన్న కీటకం గుడ్ల మీదే బతుకుతుంది, గుడ్లు పగిలాక కట్టిన కార్డు దండగ.

పిలకల దశలో పురుగు తొలిచి మొవ్వు చచ్చినా పైరు కొత్త పిలకలు వేసి కొంత కోలుకుంటుంది. పొట్ట దశలో పురుగు దూరితే మాత్రం గింజ లేని తెల్లకంకే, ఇక చేసేదేమీ లేదు. మన కృష్ణా డెల్టాలో సాంబ మసూరి రకానికి ఆ దశ చాలావరకు అక్టోబరులో వస్తుంది. ఆ నెలలో ఒక్క రాత్రి కూడా లెక్క తప్పొద్దు.

లెక్క లేకపోతే ఏమవుతుంది? ఆకుముడత నాలుగు ఆకులు చుట్టగానే టెన్షన్ పడి, నాటిన నెలలోపే మందు కొట్టేస్తాం. ఆ వయసులో పైరు దాన్ని తట్టుకోగలదు. కొట్టింది సింథటిక్ పైరిథ్రాయిడ్ రకం పురుగుమందు అయితే సాలీళ్లు, మిరిడ్ నల్లులు ముందు పోతాయి, వెనకే సుడిదోమ విరుచుకుపడుతుంది.

లెక్క రాసేటప్పుడు తేదీ పక్కనే తిథి కూడా రాయండి. పౌర్ణమి వెన్నెల్లో దీపానికి పురుగులు తక్కువ వస్తాయి. చేలో తగ్గాయనుకుని ధీమాగా ఉంటే దెబ్బతింటాం. అమావాస్య లెక్కను అమావాస్యతోనే పోల్చాలి. గాలి, వాన కూడా ఒక ముక్క రాసుకోండి.

అసలు దీపానికి ఎందుకొస్తాయని విద్యార్థులు అడుగుతుంటారు. 2024లో వచ్చిన ఒక పరిశోధన హైస్పీడ్ కెమెరాలతో దీన్ని చూపించింది. ఎగిరే పురుగు తన వీపును వెలుతురు వైపు ఉంచుకుంటుంది. సహజంగా రాత్రిపూట కూడా ఆకాశమే నేలకన్నా వెలుగు కాబట్టి అలా ఉంటే నిటారుగా ఎగరగలదు. పక్కన బల్బు వెలిగితే వీపు అటు తిప్పి, దాని చుట్టూ తిరుగుతూ చిక్కుకుపోతుంది.

సీతాకోకచిలుకల సంగతి వేరు. అవి చాలావరకు పగటివి, వాటికి దీపం పనికిరాదు. ఎండ పొద్దున ఒకే గట్టు మీద, ఒకే వేగంతో నడుస్తూ, రెండు పక్కలా కనిపించినవి రాసుకోవాలి. వరి ఆకు తినే కొమ్ము పురుగు కూడా పెద్దయితే గోధుమరంగు సీతాకోకచిలుకే అవుతుంది. అది మునిమాపు వేళ తిరుగుతుంది, ఎప్పుడైనా మీ పంచె మీదా వాలొచ్చు. దానివల్ల వరికి నష్టం చాలా తక్కువ, దయచేసి దానికోసం మందు కొట్టొద్దు.

కోతతో దీపం ఆపేయకండి. మనం కోతకు ముందే చేలో మినుము చల్లుతాం, దున్నం. వరి మోళ్లలో కాండం తొలిచే పురుగు అలాగే దాగి ఉంటుంది. మినుము పూతకొచ్చాక మారుకా మచ్చల పురుగు, లద్దె పురుగు తల్లులు అదే పంచె మీదికి వస్తాయి. వరి తర్వాత మొక్కజొన్న వేసేవాళ్లు కత్తెర పురుగును చూసుకోవాలి. అది మన దేశంలో మొదటిసారి 2018లో కర్ణాటకలో కనిపించింది, కొద్ది కాలానికే మన చేలల్లోకి వచ్చేసింది. అలాంటి కొత్త పురుగు రేపు మరొకటి వస్తే, రోజూ పంచె చూసే మనిషి "ఇది నేనెప్పుడూ చూడలేదే" అనగలడు. అలా అనిపించిన ప్రతిదాన్నీ ఫొటో తీసి, తేదీ, ఊరు రాసి మన గుంటూరు దగ్గరి లాం ఫారం వ్యవసాయ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలకు చూపించండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి. ఫోన్లలో పురుగుల ఫొటోలు తెచ్చుకున్నవాళ్లు ముందుకు రండి, ముందు అవి చూద్దాం.