ఒక్క డాలరు మెసేజ్

విశ్రాంత ఉద్యోగ మిత్రులందరికీ నమస్కారం.

పోయినేడు శ్రావణమాసంలో ఒక ఉదయం లేచి ఫోన్ చూస్తే బ్యాంకు మెసేజ్ ఉంది. నా క్రెడిట్ కార్డు మీద ఒక డాలరు ఖర్చయిందట. ఏదో యాప్ వాళ్లు తీసుకుని ఉంటారులే అనుకుని వదిలేశాను. సాయంత్రం రైతు బజారులో ఉండగా వరసగా మూడు మెసేజ్‌లు వచ్చాయి. మొత్తం అరవై ఒక్క వేలు. కార్డు నా జేబులోనే ఉంది. నాకు ఓటీపీ రాలేదు, నేనెవరికీ చెప్పలేదు. కొన్న కూరగాయలు అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేశాను. చేతులు వణుకుతున్నాయి.

ఆ ఒక్క డాలరు సంగతి తర్వాత తెలిసింది. దొంగ చేతికి కార్డు నంబరు చిక్కితే, అది పనిచేస్తుందో లేదో ముందు చిన్న మొత్తంతో పరీక్షిస్తాడు. పనిచేస్తే పెద్ద మొత్తం లాగుతాడు. మన దేశపు సైట్లలో ఓటీపీ లాంటి రెండో తాళం ఉంటుంది. చాలా విదేశీ సైట్లలో అది ఉండదు, కార్డు మీది వివరాలుంటే చాలు. మా అబ్బాయిని చూడటానికి సింగపూర్ వెళ్లినప్పుడు విదేశీ చెల్లింపులు ఆన్ చేసుకున్నాను. తిరిగొచ్చాక ఆపలేదు.

కస్టమర్ కేర్‌లో మొదటి ప్రశ్న, “సార్, ఓటీపీ ఎవరికైనా చెప్పారా?” అడగాల్సిన ప్రశ్నే. కానీ ఆ అడిగిన తీరుకి నేనే తప్పు చేసినట్టు తల దించుకున్నాను. నేను ఇక్కడికి వచ్చింది ఆ సిగ్గు గురించి చెప్పడానికే. మా వీధిలో ఒక పెద్దాయన రివార్డు పాయింట్లని ఫోన్ చేసినవాడికి ఓటీపీ చెప్పేశారు. కొడుకు తిడతాడని పదకొండు రోజులు ఎవరికీ చెప్పలేదు. అన్నం సహించేది కాదట. ఆ పదకొండు రోజుల్లో ఇంకో రెండుసార్లు డబ్బు పోయింది.

2017 జులై 6న రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన ఉత్తర్వు అందరూ తెలుసుకోవాలి. తప్పు మీదీ కాక, బ్యాంకుదీ కాక, బయటివాడు చేసిన మోసమైతే, మెసేజ్ వచ్చాక మూడు పనిదినాల్లోగా బ్యాంకుకి చెబితే మీరు ఒక్క రూపాయి భరించనక్కర్లేదు. మెసేజ్ వచ్చిన రోజును లెక్కలోకి తీసుకోరు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే, ఐదు లక్షల లోపు లిమిట్ ఉన్న కార్డుకి మీ మీద పడేది గరిష్ఠంగా 10,000 రూపాయలు. ఏడు దాటితే ఆ బ్యాంకు విధానం ఎలా ఉంటే అలా. మీరు చెప్పాక పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో వేయాలి, 90 రోజుల్లో ఫిర్యాదు తేల్చాలి. తప్పు కస్టమర్‌దే అంటే దాన్ని నిరూపించాల్సింది బ్యాంకే.

ఓటీపీ మీరే చెప్పేసినా సరే, బ్యాంకుకి ఫోన్ చేయండి. చెప్పేదాకా పోయింది మీ నష్టం, చెప్పాక పోయేది బ్యాంకు నష్టం. ఆ పెద్దాయనకి ఈ ఒక్క ముక్క తెలిసుంటే ఆ రెండుసార్లూ పోయేది కాదు.

నా సంగతికొస్తే, కార్డు బ్లాక్ చేయించి, ఫిర్యాదు నంబరు రాసుకుని, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాను. అయినా నెల తిరిగేసరికి బిల్లులో అరవై ఒక్క వేలూ కలిపి పంపారు. “ముందు కట్టేయండి సార్, తర్వాత చూద్దాం” అన్నారు. నేను కట్టలేదు. ఆ ఉత్తర్వు తేదీ వేసి, ఫిర్యాదు నంబరు రాసి, బ్రాంచిలో ఉత్తరం ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకున్నాను. ముప్పై రోజుల్లో సరైన జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ ఆంబుడ్స్‌మన్‌కి వెళ్తానని కూడా రాశాను. అంతదాకా పోనవసరం లేకుండానే మొత్తం రద్దు చేశారు.

ఇప్పుడు అందరూ ఒకసారి ఫోన్లు తీయండి. కార్డు వెనక ఉన్న నంబరునీ, 1930నీ సేవ్ చేసుకోండి. తర్వాత బ్యాంకు యాప్‌లో విదేశీ చెల్లింపులు ఆన్‌లో ఉన్నాయేమో చూడండి. ఎలా చూడాలో తెలియనివాళ్లు చెయ్యెత్తండి, నేనే వచ్చి చూపిస్తాను.